సగం దిగిన మేకులు

నది ఆసుపత్రి గేటు దాకా వచ్చిన వరద తర్వాత రెండో ఏడు అది. ఆదివారం, పొద్దున ఆరున్నర. సెంట్రింగాయన పెరట్లో రాయి ముందు గొంతుక్కూచుని వంకర మేకులు సాపు చేస్తున్నాడు. మేకుని రాయి మీద పెట్టి ఎడంచేతి రెండు వేళ్ళతో దొర్లిస్తాడు. వంపు పైకి రాగానే సుత్తితో ఒక్క దెబ్బ. మళ్ళీ దొర్లించి ఇంకో చిన్న దెబ్బ. తర్వాత డబ్బాలో పడేస్తాడు. పని మానేసి మూడేళ్ళయినా ఇది మానలేదు. కొందరు పొద్దున లేవగానే పేపరు చదువుతారు. ఆయన మేకులు సాపు చేస్తాడు.

మనిషి పొట్టి. కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్ళు కిందికి ఉంటుంది, చెక్కలు మోసి మోసి. ఎడంచేతి బొటనవేలికి గోరు లేదు. మాట తక్కువ. రోజుకి పది మాటలు మాట్లాడితే ఆ రోజు ఇంట్లో ఏదో విశేషం జరిగినట్టు.

స్లాబు పొయ్యాలంటే ముందు చెక్కలతో దాని అచ్చు కట్టాలి. అందులో కాంక్రీటు పోస్తారు. అది గట్టిపడ్డాక చెక్కలన్నీ ఊడదీస్తారు. కట్టేదీ ఊడదీసేదీ సెంట్రింగువాళ్ళే. నలభై రెండేళ్ళు ఆయన చేసింది అదే. ఆయన కట్టిందేదీ నెల్లాళ్ళకి మించి నిలబడలేదు. నిలబడకూడదు కూడా. అందుకే ఏ మేకునీ తల దాకా కొట్టడు. వేలి మందం పైకి వదిలేస్తాడు. రేపు పీకేటప్పుడు కడ్డీకి తల అందాలి కదా.

ఇవాళ మాత్రం సుత్తి కొంచెం తొందరలో ఉంది. సాయంత్రం ఐదింటికల్లా ర్యాంపు లేవాలి. లేవకపోతే మనవరాలి చక్రాల బల్ల, అదే స్కేట్‌బోర్డు, పోతుంది.

ఆ బల్ల వరద ఇచ్చింది. నీళ్ళు తీశాక పెరటి గోడవార మోకాలి లోతు బురదలో దొరికింది. అది ఎవరిదో తెలీదు. వీధి వీధంతా అడిగినా మాది అన్నవాళ్ళు లేరు. ఆయన దాన్ని కడిగి, చక్రాలు విప్పి, కిరసనాయిల్లో నానబెట్టి, మళ్ళీ బిగించాడు. పదేళ్ళ పిల్ల దాని మీద ఒక కాలు పెట్టి చూసింది. అంతే, రెండేళ్ళయింది, ఇంకా దిగలేదు. కాలు నిలవని పిల్ల కాబట్టి ఇంట్లో ముందునించీ బొంగరం అనే పిలుస్తారు. ఇప్పుడు పేరు ఇంకా కుదిరింది.

మొన్న బుధవారం బొంగరం వీధి వాలులోంచి దిగుతూ పాల వ్యాను ముక్కు కిందికి వెళ్ళింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. వ్యాను ఆగింది, పిల్ల ఆగింది, బల్ల మాత్రం వ్యాను కిందనించి అవతలికి వెళ్ళి కిరాణా కొట్టు మెట్టుకి కొట్టుకుంది. డ్యూటీ నుంచి వస్తున్న తల్లి కళ్ళారా చూసింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. రోజంతా విరిగిన చేతులకి కట్లు కట్టే మనిషి.

“ఆదివారం ఐదింటికి వస్తాను. అప్పటికి ఇంట్లోనే ఆడుకునే ఏర్పాటేదైనా కనపడాలి. లేదంటే ఆ బల్ల పిల్లల వార్డుకి ఇచ్చేస్తా. అక్కడ ఎవరికో ఒకరికి పనికొస్తుంది. నాన్నా, నువ్వు వెనకేసుకురాకు” అంది.

“ర్యాంపు కడతా” అన్నాడాయన.

ఆ రోజుకి ఆయన మాటలు అయిపోయాయి.

గురువారం పొద్దున్నే తాపీమేస్త్రి వచ్చి పెరట్లో నాలుగు గజాల మేర నున్నగా సిమెంటు గచ్చు చేసి వెళ్ళాడు. వీళ్ళిద్దరూ ముప్పై ఏళ్ళు ఒకే స్లాబుల మీద పనిచేశారు. చుట్టరికమేమీ లేదు. ఒకరినొకరు బావా అనుకోవడం ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు. ఆ పిలుపు వల్ల తిట్టుకోవడానికి వీలుంటుంది, అంతే.

శనివారం ర్యాంపుకి రెండు పక్కలూ కోశాడు. పెరట్లో ఒక మేకు పాతి, దానికి ఆరడుగుల దారం కట్టి, కొసన పెన్సిలు పెట్టి చెక్క మీద వంపు గీశాడు. మెట్ల కింద వంపులకీ, గుండ్రటి ట్యాంకులకీ గీసిన దారమే అది. పల్చటి ప్లైవుడ్ షీట్ల మీద తడి గోనెపట్టాలు కప్పి రాత్రంతా నానబెట్టాడు. ఆ షీట్లు ఆసుపత్రి నీళ్ళ ట్యాంకు పైకప్పుకి వాడినవి, ఆయన ఆఖరి పని. వరద రోజున మంచం కన్నా ముందు వాటినే మేడమీదికి ఎక్కించాడని కూతురు ఇప్పటికీ దెప్పుతుంది.

ఎనిమిదింటికి బొంగరం పళ్ళు తోముకుంటూనే పెరట్లోకి వచ్చింది.

“తాతా, అయిందా?”

“లేదు.”

“ఎంతయింది?”

ఆయన వేలితో చూపించాడు. రెండు పక్కలు నిలబడి ఉన్నాయి. వాటి మధ్య జానెడుకొకటి చొప్పున అడ్డబద్దలు పడుతున్నాయి. ఎత్తు పిల్ల నడుము దాకా. పైన నిలబడడానికి మూరెడు వెడల్పు గట్టు. పిల్ల బ్రష్షు నోట్లో ఉంచుకునే చుట్టూ మూడుసార్లు పరిగెత్తింది. నాలుగోసారి నురగ మింగేసి దగ్గింది.

తొమ్మిదింటికి తాపీమేస్త్రి వచ్చాడు. పొడుగాటి మనిషి, ఇంట్లో ఉన్నా తలకి తువ్వాలు. చేతిలో తాపీ. ఆ తాపీ లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. పనిలో ఉన్న రోజుల్లో అన్నానికి వెళ్ళినా కడిగి, తుడిచి, చంకలో పెట్టుకునే వెళ్ళేవాడు. తన తాపీ ఇంకొకడు పట్టుకుంటే పిడి పాడవుతుందట. నీడలో కుర్చీ వేయించుకుని కూచున్నాడు.

“ఏం బావా, ఇన్నాళ్ళకి నిలబడేది కడుతున్నావన్నమాట” అన్నాడు.

సెంట్రింగాయన మేకు కొట్టాడు.

“బొంగరం, నీకు తెలుసా? ఈ ఊళ్ళో నేను కట్టిన గోడలు రెండొందలు చూపిస్తా. మీ తాత కట్టింది ఒక్కటి చూపించమను. ఉండదు. కట్టడం, పీకడం. కట్టడం, పీకడం. పిచ్చుక గూళ్ళు కట్టుకునే పిల్లలు కూడా నయం.”

“నా చెక్కలు లేకపోతే నీ స్లాబు నీ నెత్తిన పడేది” అన్నాడు సెంట్రింగాయన.

“అబ్బో! ఇవాళ కోటాలో ఎనిమిది మాటలు అప్పుడే ఖర్చు పెట్టేశావు. జాగ్రత్త, సాయంత్రం నీ కూతురు అడిగితే నోట్లో మాట ఉండదు.”

బొంగరం పడీ పడీ నవ్వింది. సెంట్రింగాయన మీసం కూడా కదిలింది.

పదకొండింటికి వంపు మీద మొదటి షీటు పడింది. నానిన షీటు కదా, చెప్పిన మాట వింది. ముగ్గురూ దాని మీద బోర్లా పడుకుని అణిచిపెడితే ఆయన ఒక పక్కనించి బిగించుకుంటూ వచ్చాడు. ముగ్గురూ అంటే పిల్లా, మేస్త్రీ, మేస్త్రి కుర్చీ. దాని మీద రెండో షీటు, శుభ్రమైన వైపు పైకి ఉండేలా. ముందుగా అంచుల వెంట ముప్పై రెండు మేకులు కొట్టి ఆపాడు, సరిగ్గా కూచుందో లేదో చూసుకోవడానికి. షీటు కింది అంచుకీ గచ్చుకీ మధ్య నాలుగు వేళ్ళ సందు మిగిలింది. దాని మీద ప్రస్తుతానికి రేకుముక్క వేశాడు.

మధ్యాహ్నం భోజనాలు నిలబడే అయ్యాయి. బొంగరం అన్నం పళ్ళెం పట్టుకుని ర్యాంపు ముందే తింది, అది ఎక్కడికైనా లేచిపోతుందేమో అన్నట్టు.

రెండింటికి మొదటి పరీక్ష. పిల్ల గచ్చు అవతలి కొసనించి రెండు తోపులు తోసి, బల్ల మీద నిలబడి, రేకు మీద టంగుమని వంపు ఎక్కింది. ఎక్కడం దాకా బాగానే ఉంది. సగం దాకా వెళ్ళి తిరగబోయేసరికి నాలుగు చక్రాలూ ఒక్కసారిగా పక్కకి జారాయి. పిల్ల వీపు మీద పడి, అలాగే జర్రున జారుకుంటూ తాత కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది.

“తాతా! ఇది వెన్నపూసలా ఉంది!”

తాపీమేస్త్రి కుర్చీలోంచి లేచి వచ్చాడు. షీటు మీద వేలితో రుద్దాడు. వేలు వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. తర్వాత ర్యాంపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కూలబడిపోయాడు.

“బావా, నూనె రాశావు! దీనికి నూనె రాశావయ్యా!”

సెంట్రింగాయన తన కుడిచేతికేసి చూసుకున్నాడు. కుంచె ఇంకా చేతిలోనే ఉంది. పక్కన నూనె డబ్బా మూత తీసి ఉంది. ఎప్పుడు తీశాడో, ఎప్పుడు రాశాడో తెలీదు. అచ్చు కట్టడం అవగానే కాంక్రీటు అంటుకోకుండా నూనె రాయాలి. నలభై రెండేళ్ళలో ఏ ఒక్కరోజూ మర్చిపోలేదు. ఇవాళ కూడా మర్చిపోలేదు.

“ఇక్కడ స్లాబు ఎవరు పోస్తారు తాతా?” అంది బొంగరం నడుము రుద్దుకుంటూ. నవ్వుతూనే అంది కానీ కళ్ళు తలుపులోంచి కనపడే గోడ గడియారం వైపు పోయాయి.

సబ్బునీళ్ళు కొట్టారు. జారుడు ఇంకా పెరిగింది. రంపపు పొట్టు చల్లి గోనెతో రుద్దారు. పొట్టు నూనె తాగింది కానీ చెక్క అంతకు ముందే తాగేసింది. మూడున్నరయింది. మేస్త్రి నవ్వు ఆగిపోయింది. పిల్ల బల్లని ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో చక్రాన్నీ చున్నీతో తుడుస్తోంది. ఆ ఇంట్లో ఆ పిల్ల నోరు మూసుకుంటే ఏదో వస్తువు పోయినట్టు ఉంటుంది.

సెంట్రింగాయన ర్యాంపు చుట్టూ ఒకసారి తిరిగాడు. అంచున వరసగా ముప్పై రెండు మేకులు వేలి మందం తలలెత్తుకుని ఉన్నాయి. వాటిని చూశాడు. గోడకి వేలాడుతున్న కడ్డీ తీశాడు.

“ఊడదీసేస్తావా తాతా?” అంది పిల్ల.

“తిప్పుతా” అన్నాడు.

అప్పుడు చూడాలి ఆయన చెయ్యి. కడ్డీ పంజా మేకు తల కింద దూరడం, మణికట్టు ఒక్క విసురు, మేకు గాల్లోకి లేచి డబ్బాలో పడటం. ఎక్కడా ఆగలేదు. డబ్బాలో మేకులు వడగళ్ళలా పడ్డాయి. మేస్త్రి లెక్కపెడుతున్నాడు, పిల్ల కూడా లెక్కపెడుతోంది. ఇరవై దాటేసరికి ఇద్దరూ అరుస్తున్నారు. ముప్పై రెండు! ముగ్గురూ కలిసి షీటు ఎత్తి బోర్లా తిప్పారు. రెండోవైపు ట్యాంకు కాంక్రీటు పొర ఇంకా అంటుకునే ఉంది, బూడిదరంగులో, గరుగ్గా, పిల్లి నాలుకలాగా. ఇన్నాళ్ళూ అది సరిగ్గా గోకలేదని ఆయనకి లోపల సిగ్గుగా ఉండేది.

బొంగరం అరచేత్తో రుద్ది చూసింది. “పట్టుకుంటుంది తాతా! ఇది పట్టుకుంటుంది!”

షీటు మళ్ళీ వంచి మేకులు కొట్టాడు. ఆఖరి మేకు పడుతుండగా గేటు చప్పుడయింది. నాలుగూ ఇరవై. ఎవరో డ్యూటీ మార్చుకున్నారట, కూతురు ముందే వచ్చేసింది. తెల్లబట్టల్లోనే తిన్నగా పెరట్లోకి వచ్చి నిలబడింది.

ఆవిడ ర్యాంపు చుట్టూ నడిచింది. మోకాలితో ఒక తోపు తోసింది. కదల్లేదు. గట్టు మీద అరచేత్తో చరిచింది. తర్వాత రోగి వీపు తడిమినట్టు అంచు వెంట వేళ్ళు పోనిచ్చింది. వేళ్ళు ఆగాయి.

“ఇవేంటి నాన్నా? మేకులన్నీ తలలెత్తుకుని ఉన్నాయి. పడిందంటే మొహం చీరుకుపోతుంది. నేను ఒప్పుకోను.”

సెంట్రింగాయన సుత్తి తీశాడు. మొదటి మేకు మీద పెట్టాడు. చెయ్యి పైకి లేవలేదు.

తాపీమేస్త్రి దగ్గరికి వచ్చాడు. ఈసారి వేళాకోళం లేదు.

“కొట్టు బావా. తల దాకా కొట్టు. దీన్ని పీకేదెవరు?”

కొట్టాడు. మేకు సగంలో ఉన్నప్పుడు టింగుమంటుంది. తల చెక్కకి తగిలినప్పుడు దబ్బుమంటుంది, తలుపు వేసినట్టు. వేరేవాళ్ళ సుత్తి కింద ఆ చప్పుడు ఆయన చాలాసార్లు విన్నాడు. తన సుత్తి కింద వినడం కొత్త. రెండో మేకు దబ్బు. మూడోది దబ్బు. పదో మేకుకి చేతికి ఆ రుచి తెలిసింది. ముప్పై రెండూ అయ్యేసరికి ఆయన మొహం చెమటతో మెరుస్తోంది, చిన్నపిల్లాడి మొహంలా ఉంది.

కూతురు మళ్ళీ వేళ్ళు పోనిచ్చింది. వేళ్ళు ఎక్కడా ఆగలేదు.

“సరే. ఎక్కు” అంది. సంచీలోంచి క్రేప్ బ్యాండేజీలు తీసి పిల్ల మోకాళ్ళకీ మోచేతులకీ చకచకా చుట్టేసింది. ఆయన తన పసుపుపచ్చ హెల్మెట్టు తెచ్చి మనవరాలి తల మీద పెట్టాడు. లోపల తువ్వాలు మడిచి పెడితేగాని నిలవలేదు. ఆ తువ్వాలు మేస్త్రి తలది.

బొంగరం గట్టు మీద నిలబడింది. బల్ల తోక అంచున, వెనక కాలు తోక మీద. ముందుసగం గాల్లో ఉంది. ముందుకాలు దాని మీద మోపి ఒరిగితే చాలు, కిందికి పోతుంది. ఒరగాలి, అంతే. ఒరగలేదు.

“తాతా, భయమేస్తోంది.”

సెంట్రింగాయన ర్యాంపు పక్కన గొంతుక్కూచుని, ఒక కన్ను మూసి, వంపు వెంట కిందనించి పైదాకా చూశాడు. మళ్ళీ లేచాడు.

“వంపు సరిగ్గా ఉందమ్మా” అన్నాడు.

పిల్ల ఆయనకేసి చూసింది. ఒరిగింది.

గరగరమని చక్రాలు, టంగుమని రేకు, తర్వాత గచ్చు మీద సుయ్యిమని చప్పుడు. పసుపు హెల్మెట్టు పెరడంతా కోసుకుంటూ వెళ్ళి ఆరేసిన దుప్పట్లో దూరింది. దండెం తెగింది. దుప్పట్లోంచి కేకలు వినబడ్డాయి. ఏడుపనుకుని తల్లి పరిగెత్తింది. దుప్పటి లాగితే లోపల పిల్ల, నోరంతా తెరుచుకుని, “ఇంకోసారి! అమ్మా, ఇంకోసారి!”

తాపీమేస్త్రి తాపీతో బకెట్టు వాయిస్తున్నాడు. డప్పు వాయించినట్టు వాయిస్తున్నాడు. పక్కింటివాళ్ళు మేడెక్కి చూశారు. బొంగరం పదకొండుసార్లు దిగింది. పన్నెండోసారి తల్లి చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, “జరుగు, నన్ను కూర్చోనీ” అని బల్ల మీద చతికిలబడి దిగింది. దిగి, గచ్చు మధ్యలో ఆగి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. బల్ల పిల్లల వార్డుకి వెళ్ళే సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఎండ గోడ ఎక్కాక మేస్త్రి రేకుముక్కని కాలితో తన్నాడు.

“నేనుండగా రేకేంటి బావా, పరువు తక్కువ. ఆ సందుకి ఒక చెక్క అడ్డం పెట్టు.”

సెంట్రింగాయన సందు పొడుగునా ఒక బద్ద నిలబెట్టి, అటూ ఇటూ రెండు గూటాలకి రెండు మేకులతో ఆపాడు. మేకులు సగం దాకానే. ఇది అచ్చు కదా, పొద్దున ఊడదీసేదే. మేస్త్రి సిమెంటు మాలు కలిపి సందు నింపి, వాలు తీర్చాడు. ముప్పై ఏళ్ళుగా చూస్తున్న చెయ్యే అది. మధ్యలో ఒకసారి ఆగి తాపీ నేలకి ఆనించి కూచున్నాడు. పని మధ్యలో ఆయన ఆగడం సెంట్రింగాయన ఎప్పుడూ చూడలేదు.

“ఏంటి?”

“ఏముంది, నవ్వి నవ్వి అలసట.”

అయ్యాక తాపీని నీళ్ళ బకెట్లో జారవిడిచాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

“పొద్దున్నే వచ్చి నీళ్ళు చల్లుతా. పొయ్యకూడదు, చల్లాలి. నీకు చేతకాదు. ఇంకో మాట, నేనొచ్చేదాకా ఆ బద్ద పీకకు. నీకసలే చెయ్యి దురద.”

“తాపీ?” అన్నాడు సెంట్రింగాయన.

“ఉండనీ. పొద్దున రావాలిగా, మోసుకెళ్ళడం దేనికి?”

గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. ర్యాంపుని ఒకసారి చూశాడు.

“ఒకటయింది బావా నీకు. నాకు రెండొందలు. ఇంకా చాలా వెనకబడ్డావు” అని వెళ్ళిపోయాడు.

తెల్లవారుతుండగా కూతురి ఫోను మోగింది. మేస్త్రి కోడలు. మామగారు నిద్రలోనే పోయారట, పిలిస్తే లేవలేదట. కూతురు వచ్చి చెప్పింది. ఆయన తల ఊపాడు. చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకుంటూ పెరట్లోకి వెళ్ళాడు. ఆ పొద్దున రాయి ముందు కూచోలేదు.

సిమెంటు వాలు గట్టిపడింది. తాపీ ఉన్న బకెట్టు కదపకుండా, చెంబుతో వేరే నీళ్ళు తెచ్చి, వేళ్ళు విడదీసి, కొంచెం కొంచెంగా చల్లాడు. పొయ్యలేదు. మూడుసార్లు చల్లాడు. తర్వాత బద్ద దగ్గర కూచున్నాడు. రెండు మేకులూ తలలెత్తుకుని ఉన్నాయి. సుత్తి తీసి రెండింటినీ తల దాకా కొట్టాడు. దబ్బు. దబ్బు. లేచి గేటు తీసుకుని వెళ్ళాడు.

బకెట్లో సిమెంటు అడుక్కి దిగిపోయి నీళ్ళు తేటగా ఉన్నాయి. మేస్త్రి బొటనవేలు అరగదీసిన గుంట పైకి కనపడేలా తాపీ పిడి అంచుకి ఆనుకుని ఉంది.